సురాయి పీరియడు

వేసవిలో ఎక్కడైనా తడిసిన మట్టి కూజా వాసన తగిలితే నాకు దాహం వేయదు, పెన్సిలు పట్టుకోవాలనిపిస్తుంది. ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆబిడ్స్‌లో నేను చదువుకున్న బడిలో, ఆ తర్వాత నేనే పాఠాలు చెప్పిన ఆ బడిలోనే, ఒక డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. ఆయన్ని తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు బెంగ పుడుతుంది.

రాష్ట్రం ఏర్పడ్డాక నాన్న ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకు వచ్చింది. మరుసటి ఏడు మేమూ వచ్చి నాంపల్లి స్టేషను దగ్గర రెండు గదుల్లో కిరాయికి దిగాం. నాకు పదకొండేళ్లు. కొత్త బడిలో నేను నోరు విప్పితే నా కర్నూలు యాసకు క్లాసంతా నవ్వేది. వాళ్ల మాటకు నేనూ నవ్వేదాన్ని, కాకపోతే లోపల్లోపల. నోరు విప్పనక్కర్లేని పీరియడు డ్రాయింగ్ ఒక్కటే. అందుకే అదంటే నాకు ప్రాణం.

మాస్టారు రోజూ అఫ్జల్‌గంజ్ నుంచి నడిచి వచ్చేవారు. నల్ల షేర్వాణీ, దాని మోచేతుల మీద ఎప్పుడూ సుద్దపొడి. ఆరో తరగతిలో మొదటి రెండు వారాలు ఆయన మమ్మల్ని పెన్సిలు ముట్టనివ్వలేదు. వరండాలో నీళ్ల బల్ల మీద ఉండే సురాయిని, అదే పొడుగు మెడ మట్టి కూజాని, తెచ్చి స్టూలు మీద పెట్టేవారు. ఒక్కొక్కరం వెళ్లి కళ్లు మూసుకుని, దాని మెడ నుంచి అడుగు దాకా అరచేత్తో నిమరాలి. తర్వాత బెంచీ దగ్గర నిలబడి అదే వంపును గాలిలో గీయాలి. నలభై చేతులు ఒక్కసారిగా గాలిలో తిరుగుతుంటే వరండాలో పోయేవాళ్లు ఆగి చూసేవారు. కాగితం ఆ తర్వాతే.

రబ్బరు మాత్రం పూర్తిగా నిషేధం.

"తప్పు గీత ఉండనియ్యి. దాని పక్కకే మంచిది గియ్యి. తప్పుది లేకుంటే మంచిది ఎట్ల దొరుకుతది?" అనేవారు.

నాకు ఆ మాట అస్సలు నచ్చలేదు. అసలే మాటకు నవ్వుతున్నారు, ఇక గీతకు కూడా నవ్వాలా? ఒకరోజు నేను గీసిన సురాయి పొట్ట గుమ్మడికాయలా వచ్చింది. పక్క పిల్ల తన బన్నులోంచి ఒక ముక్క తుంచి ఇచ్చింది. బన్నుతో రుద్దితే పెన్సిలు గీత రబ్బరు కంటే శుభ్రంగా పోతుందని ఆ బడిలో అందరికీ తెలుసు. ఇరానీ హోటలు బన్నుకు మస్కా, అంటే వెన్న, రాసి ఉంటుందని నాకు మాత్రం తెలియదు. గీత పోయింది, దాని చోట రేగిపండంత జిడ్డు మరక మిగిలింది. మాస్టారు కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టారు. మరకలోంచి ఎండ కనబడింది.

"గీడ ఒక గీత సచ్చిపోయింది బిడ్డా. నువ్వు దానికి మస్కా రాసి మరీ మట్టిల పెట్టినవ్."

క్లాసంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు, ఇంకో కాగితమూ ఇవ్వలేదు. ఎవరైనా బాగా గీస్తే ఆయన నోటితో మెచ్చుకునేవారు కాదు. ఆ గీత మీద చూపుడు వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా నడిపించేవారు. ఆ వేలు నా కాగితం మీద ఒక్కసారి నడిస్తే చాలనుకుంటూ ఎనిమిదో తరగతి దాకా చూశాను. నడవలేదు.

మెట్రిక్ అయ్యాక నేను బొమ్మలే చదువుకున్నాను, ఆ తర్వాత టీచర్ ట్రైనింగు. అక్కడ నేర్పింది పూర్తిగా వేరు. పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కారు, వాళ్ల బొమ్మకు వాళ్ల వయసే కొలత. ఎదురుగా వస్తువు పెట్టి అచ్చం అలాగే గీయమంటే వాళ్ల ఊహ గొంతు నొక్కినట్టే. టీచరు దిద్దకూడదు, పక్కకు తప్పుకుని నిలబడాలి. వింటుంటే, ఆ బన్ను మరక గొడవలో ఇన్నాళ్లకు నా తరఫున ఎవరో తీర్పు చెప్పినట్టనిపించింది. అవి తప్పుడు మాటలని ఇప్పటికీ అనను. నేను వాటిని పట్టుకున్న తీరే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టుండేది.

డెబ్బైలు మొదలయ్యే వేళకు ఆ బడిలోనే నాకు ఉద్యోగం దొరికింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆరు నుంచి ఎనిమిది దాకా డ్రాయింగుకు కొత్త సిలబస్ కావాలని హెడ్‌మాస్టరు అడగడమే ఆలస్యం, రెండు రోజుల్లో రాసి ఇచ్చేశాను. "వస్తువును ఎదురుగా పెట్టి గీయించే పద్ధతి మానాలి" అన్నది అందులో మొదటి వాక్యం. అది ఎవరి గురించో బడి గోడలకు కూడా తెలుసు.

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని మూడు పేజీలూ ఓపికగా చదివారు.

"మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నారు. కళ్లద్దాలు తీసి, "మరి సురాయి ఏడ పెట్టాలె?" అని అడిగారు.

"నీళ్ల బల్ల మీదే ఉండనివ్వండి మాస్టారూ."

"ఔ. నీళ్లకే గదా," అని తలూపారు.

ఆయన రిటైరు కావడానికి ఇంకా ఒక్క ఏడు ఉంది. ఆ ఏడు హెడ్‌మాస్టరు ఆయన పీరియడ్లన్నీ నాకిచ్చి, ఆయనకు సోషల్ క్లాసుల మ్యాపులు గీసే పని అప్పజెప్పారు. నేను కాదనలేదు.

మొదటి రోజు పిల్లలతో మీ ఇష్టమొచ్చింది గీయండి అన్నాను. నలభై కాగితాలొచ్చాయి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. నలభై కాగితాల్లోనూ అవే. రోజూ బస్సుల్లో వేలాడుతూ బడికొచ్చే పిల్లలు ఒక్క బస్సు గీయలేదు. కొబ్బరిచెట్టు ఎక్కడ చూశావని ఒక పిల్లను అడిగాను.

"చూడలే టీచర్. డ్రాయింగంటే గిట్లనే ఉంటది గదా?"

మరుసటి వారం పండగ గీయమన్నాను. కొండల మధ్య పండగ వచ్చింది. నేను దిద్దకుండా పక్కకు తప్పుకుని నిలబడ్డాను, ట్రైనింగులో చెప్పినట్టే. ఏడాదంతా నిలబడ్డాను. ఆ కొండలు కదల్లేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆ కాగితాల కట్ట తీసుకుని మ్యాపుల గదికి వెళ్లాను. మాస్టారు గోదావరి గీస్తున్నారు, సముద్రం దగ్గర పాయలు విడదీస్తూ. పెన్సిలు పక్కన పెట్టి కాగితాలన్నీ తిరగేశారు. దెప్పుతారని కాచుకున్నాను. దెప్పినా బాగుండేది.

"పిల్లలు మంచిగనే ఉన్నరు. వాళ్లకు చూసుడు ఎవరు నేర్పాలె?"

ఆ మాట మెత్తగానే అన్నారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్కసారి నా క్లాసుకు రండి మాస్టారూ," అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఏడాది పట్టింది.

"వస్త. సురాయి ఉన్నదా మరి?"

వరండాలోకి వెళ్లి చూస్తే లేదు. ఎప్పుడో పగిలిపోతే దాని చోట కుళాయి ఉన్న రేకు డ్రమ్ము పెట్టారు. నెలల తరబడి ఆ నీళ్లే తాగుతూ కూడా నేను గమనించలేదు. చూడడం నేర్పాల్సిన మనిషిని నేను!

శనివారం పొద్దున్నే మొజంజాహీ మార్కెట్ దగ్గర కుండలమ్మే ఆవిడ దగ్గర ఒక సురాయి కొని, పసిపిల్లలా చంకనెత్తుకుని ఆబిడ్స్ దాకా నడిచాను. ఆయనకు బడిలో అదే ఆఖరి వారం. మాస్టారు సురాయిని స్టూలు మీద పెట్టి, మెడ ఒకసారి నిమిరి, పిల్లల వైపు తిరిగారు.

"కండ్లు మూసుకోన్రి," అని, నా వైపు చూశారు. "నువ్వు గూడ బిడ్డా."

పిల్లల వెనకాల వరసలో నిలబడి నేనూ నిమిరాను. గాలిలో గీశాను. ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూర్చుని కాగితం మీద పెట్టాను. ఇన్నేళ్ల చదువు తర్వాత కూడా పొట్ట గుమ్మడికాయలాగే వచ్చింది. చెయ్యి దానంతటదే సంచిలో రబ్బరు కోసం వెళ్లింది. వెనక్కి లాక్కున్నాను. పక్కనే ఇంకో గీత గీశాను. అది కొంచెం నయం.

ఆయన బెంచీల మధ్య నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. కాగితం తీసి కిటికీ వెలుగుకు పట్టారు. ఎక్కడా మరక లేదు. దాన్ని బెంచీ మీద పెట్టి, చూపుడు వేలు ఆనించి, మెడ నుంచి అడుగు దాకా మెల్లగా నడిపించారు. మంచి గీత మీద కాదు, తప్పు గీత మీద. తర్వాత ముందు బెంచీకి వెళ్లిపోయారు.

జూన్‌లో బడి తెరవగానే నా సిలబస్ బయటికి తీశాను. మొదటి వాక్యాన్ని కొట్టేయలేదు. దాని పక్కనే రాశాను, పిల్లలు రెండు వారాలు కళ్లు మూసుకుని సురాయిని నిమరాలి, ఆ తర్వాత తమ ఇష్టమొచ్చింది గీయాలి అని. ఆ పేజీ మడిచి పట్టుకుని అఫ్జల్‌గంజ్ వెళ్లాను. ఇంటికి తాళం వేసి ఉంది.

"బిడ్డ దగ్గరికి పోయిన్రమ్మా. ఏ ఊరో మాకు చెప్పలే," అంది పక్కింటావిడ.

మళ్లీ రెండు సార్లు వెళ్లాను. ఆ ఇంట్లో వేరే వాళ్లు దిగారు. ఆ పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. దాని మీద ఆయన వేలు నడవలేదు.