లారీ కొలతల నడకబండి

సాలూరులో లారీలకు చెక్కబాడీలు కట్టే తవిటినాయుడి దృష్టిలో, చంటిపిల్లకు ప్లాస్టిక్ బొమ్మ ఇవ్వడమంటే ఆ పిల్లను అవమానించడమే. చుట్టాలింట ఎవరికి ఏడాది నిండినా షెడ్డులో మిగిలిన టేకుచెక్క తీసి, మూడు చక్రాల నడకబండి తనే చేస్తాడు. లారీకి వేసే బోల్టులే దానికీ బిగిస్తాడు. చివరికి తనే దానిమీదెక్కి నిలబడతాడు. కిర్రుమనకపోతేనే రంగు. వెనక పలకమీద ‘హారన్ ప్లీజ్’ మాత్రం తప్పదు.

మొన్న చెల్లెలు చిన్నతల్లి మనవరాలు పింకీ పుట్టినరోజుకి తెచ్చిన బండిని ఆటోలోంచి దింపడానికి ఇద్దరు కావలసివచ్చారు. ఇంకా అడుగైనా వెయ్యని పింకీ దాన్ని పట్టుకుని, మొహం ఎర్రబడేదాకా తోసింది. బండి అంగుళం కదల్లేదు. పిల్ల చతికిలబడి ఏడుపు లంకించుకుంది. “ఏటన్నా ఇది? పిల్లకి సేసినావా, ఎద్దుకి సేసినావా?” అంది చిన్నతల్లి. “దాని మనవలు కూడా తోస్తారే!” అన్నాడు తవిటినాయుడు, చిన్నబోయిన మొహంతోనే మీసం దువ్వుతూ. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే చిన్నతల్లి, బండిని పక్కకి జరుపుదామని ఒళ్లంతా దానిమీద వేసి తోసింది. అది మెల్లగా కదిలింది. నొప్పి తెలియలేదు. ఇంకాస్త తోసి, అలాగే వీధిగుమ్మం దాకా వెళ్లిపోయింది. తన బండి పోతోందని చూసిన పింకీ ఏడుపు మానేసి లేచి, చేతులు చాపుకుని తూలుతూ నాలుగడుగులు వేసి నాయనమ్మ కొంగు పట్టుకుంది. ఇల్లంతా చప్పట్లు. “సూసినావా, బండి పని సేసింది!” అన్నాడు తవిటినాయుడు. “సేసింది గానీ, ఇది నేనియ్యను. దానికింకోటి సెయ్యి,” అంది చిన్నతల్లి, బండి వదలకుండానే.