దిష్టి పూస

మూతను వెనక్కి వంచుతుంటే ఎక్కడ విరిగిపోతుందోనని నా ప్రాణం గిలగిలలాడింది. కోదాడ దుకాణంలో అమ్మే మనిషి మాత్రం తాపీగా దాన్ని మొత్తం వెనక్కి మడిచేసి, కీబోర్డును వీపుకు పంపించి, పలకలా చేసి నా చేతిలో పెట్టాడు. ల్యాప్‌టాప్‌కు ల్యాప్‌టాప్, ట్యాబ్‌కు ట్యాబ్ మేడమ్ అన్నాడు. అటూ ఇటూ రెండు వైపులా పనికొస్తానని చెప్పే వస్తువును గానీ మనిషిని గానీ నేను మామూలుగా నమ్మను. ఆ రోజు నమ్మాను, పక్కన చెల్లె ఉంది కాబట్టి.

నాది సూర్యాపేట. పెళ్లి జాకెట్ల మీద మగ్గం పని నా బతుకుతెరువు. చెక్క చట్రానికి బట్ట బిగించి పూసలూ జరీ కుట్టడం అందరికీ కనిపిస్తుంది. దానికి ముందు బొమ్మ గీయడం ఎవరికీ కనిపించదు. ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీయాలి. గీత వెంట సూదితో సన్నటి బెజ్జాలు పొడవాలి. కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డతో దాని మీద రుద్దితే, కింద బట్ట మీద చుక్కలు చుక్కలుగా బొమ్మ దిగుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే నా పని. అంతా అయ్యాక పెళ్లికూతురి పిన్ని ఎవరో వచ్చి, నెమలి ఇంకొంచెం చిన్నగా ఉంటే బాగుండేది అంటుంది. ఆమెకేం, నోటి మాట. నేను మళ్లీ మొదటి నుంచి గీయాలి.

చెల్లె అన్నది పిలుపుకే, వరసకు కాదు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే వాళ్లమ్మ తెచ్చి నా దగ్గర పనికి పెట్టింది. సూది పట్టుకోవడం దగ్గర్నుంచి దారం ముడి కనిపించకుండా దాచడం దాకా అన్నీ నేర్పాను. నా వంటింట్లో తిన్నది, నా చీరలు కట్టుకుని ఫొటోలు దిగింది. పెళ్లయి కోదాడ వెళ్లి బొటిక్ పెట్టుకున్నప్పుడు రిబ్బన్ నాతోనే కత్తిరింపించింది. ఇప్పుడు తన దగ్గర నలుగురు పనివాళ్లున్నారు. కుట్టిన ప్రతి జాకెట్టూ ఫొటో తీసి ఫోన్లో నలుగురికీ కనబడేట్టు పెడుతుంది. ఇంకెన్ని రోజులు ఈ కాగితాలు గీస్తవక్కా, కళ్లు ఖరాబైతయి అని నన్ను ఆ దుకాణానికి లాక్కెళ్లింది కూడా తనే.

పెట్టె తన బొటిక్‌లోనే విప్పాం. కొత్త బండికి పెట్టినట్టు మూత మీద పసుపూ కుంకుమా పెట్టింది, అగరుబత్తి తిప్పింది. తెర మీద కూడా బొట్టు పెట్టబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. స్విచ్చి వేయగానే అది భాష అడిగింది, ఊరు అడిగింది, చివరకు మెయిల్ అడిగింది. నాకు మెయిల్ ఒకటి ఉందని తెలుసు గానీ, దాని పాస్‌వర్డ్ ఏ కాలంలో పెట్టుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. ఆధార్ సెంటర్‌లోనూ గ్యాస్ ఆఫీసులోనూ అడిగినప్పుడల్లా పక్కవాళ్లది చెప్పి గట్టెక్కిన దాన్ని. మా దగ్గర అందరిదీ ఇదే పద్ధతి. ఇంట్లో ఎవరికి ఫోను బాగా తెలిస్తే వాళ్ల నంబరే ఊరందరికీ నంబరు.

"నీదే పెట్టు," అన్నాను. "నీది నాది అని ఏముంటది."

తను నవ్వి తన మెయిల్ కొట్టింది. తెర మీద తన పేరు వచ్చి స్వాగతం చెప్పింది. నాకు అదేమీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఇంకా ముచ్చటగానే అనిపించింది, ఒట్టు.

ఇంటికి తెచ్చాక మొదటి వారం దానికీ నాకూ పోట్లాటే. పలకలా మడిచి పట్టుకుంటే వెనకాల మీటలు వేళ్లకు తగిలేవి. అవి పనిచేయవని చెప్పారు, అయినా ఏదో నొక్కేశానని గుండె జారేది. ఒళ్లో పెట్టుకుంటే కాసేపటికి వేడెక్కేది. ఎండాకాలం సూర్యాపేటలో ఒళ్లో కుంపటి ఎవరికి కావాలి? కొంచెం పక్కకు ఒరిగితే చాలు, బొమ్మ అడ్డం తిరిగేది. నేను మెడ వంచితే అది మళ్లీ నిలువుగా తిరిగేది. దాంతో వచ్చిన పెన్ను గాజు మీద జర్రున జారేది. కాగితం పెన్సిలును కొంచెం పట్టుకుంటుంది, ఆ పట్టులోనే చేతికి గీత తెలుస్తుంది. ఈ గాజుకు ఆ మర్యాద లేదు. పైగా బొమ్మ వెనక నా మొహమే కనబడుతూ ఉండేది. ల్యాప్‌టాప్‌గా బరువు, ట్యాబ్‌గా ఇంకా బరువు. రెంటికీ చెడ్డ రేవడిని తెచ్చుకున్నానే అని తిట్టుకున్నాను.

రెండో వారానికి లొంగిపోయింది. అది లొంగిందో నేను లొంగానో చెప్పలేను. తెర మీద గరుకు కాగితం లాంటి పల్చటి పొర ఒకటి అతికించుకున్నాక గీత నిలబడింది. రెండు వేళ్లతో లాగితే చేతి అంచు మీది పువ్వు పళ్లెమంత అయ్యేది. ఒక్కో రేకులో దారం ఎటు పోవాలో అంత పెద్దగా నేను ఎప్పుడూ చూసుకోలేదు. తప్పు గీస్తే ఒక్క నొక్కుతో వెనక్కి పోయేది. నెమలిని చిన్నది చేయడం చిటికెలో పని. గీసింది జిరాక్స్ షాపులో అసలు కొలతకు ప్రింటు తీయించి, బెజ్జాలు పొడుచుకుంటే సరిపోయేది. నలభై ఆరేళ్ల వయసులో కొత్త పలక కొనిచ్చిన పిల్లలా సంబరపడ్డాను. ఆ సంబరం చెల్లెకు ఫోన్ చేసి చెప్పుకున్నాను కూడా.

అప్పుడే మిర్యాలగూడ నుంచి ఆర్డర్ వచ్చింది. రైసు మిల్లుల వాళ్లు, పేరున్న కుటుంబం. పెళ్లికూతురి తల్లి ఫోన్లో ఒకే ఒక్క మాట చెప్పింది. ఎవరి ఒంటి మీదా చూడని బొమ్మ కావాలంది. అది బాగుంటే ఇంట్లో ఆడవాళ్లందరి పనీ నాకే అంది. ఇరవై ఏళ్లలో నన్ను బొమ్మ కోసం అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా వాళ్లంతా ఫోన్లో ఏదో ఫొటో చూపించి, గిట్లనే కావాలి అనేవాళ్లు.

వడ్ల మీద బతికే ఇల్లు కదా అని వరికంకులు పట్టుకున్నాను. పిచ్చుకల కోసం చూరుకు కంకుల కుచ్చు వేలాడదీస్తారు చూడండి, అది. వీపు నడుమ కుచ్చు, దాని చుట్టూ వాలీ వాలని పిచ్చుకలు, చేతుల మీద రాలిన గింజలు. పద్దెనిమిది రోజులు గీశాను. కుచ్చు అల్లిక ఎలా ఉంటుందో సరిగ్గా తెలియక, మోతె ఊరి వైపు పొలాలున్న వాళ్లతో ఒకటి అల్లించి తెప్పించుకుని ఎదురుగా గోడకు కట్టుకున్నాను. ఆ బొమ్మ గీస్తుండగా నాకు పొద్దు తెలియలేదు. నేను చేసిన వాటిలో మంచిది అదేనని ఇప్పటికీ అంటాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను ప్రతి పెళ్లి జాకెట్టులో ఒక నల్ల పూస దాస్తాను. దిష్టి పూస. అంతా పూర్తయి, చట్రం మీది నుంచి బట్ట దించాక, ఎవరూ లేనప్పుడు నా చేత్తో కుడతాను. పసిపిల్లలకు చెక్కిలి మీద పెట్టే చుక్క లాంటిదే. నా పనికి నేనే పెట్టుకునే చుక్క. ఎవరికీ చెప్పలేదు, చెల్లెకు కూడా. కాగితం మీద దాన్ని ఎప్పుడూ గీయలేదు. ఈ పలక మీద మాత్రం, అంత పెద్దగా కనిపిస్తోంది కదా అని తెలివికి పోయి, ఎడమ చేతి మీద మూడో గింజను బొమ్మలోనే నల్లగా దిద్దేశాను.

వాళ్లు రమ్మన్న రోజు దాకా రెండు వారాలు ఆగి, మిర్యాలగూడ బస్సులో ఆ ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని, సంచితో కప్పి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. వాళ్ల ఇంట్లో హాలు నిండా ఆడవాళ్లు. మజ్జిగ ఇచ్చారు. నేను మూత తెరిచి, వెనక్కి మడిచి, పలక చేసి తల్లి చేతిలో పెట్టాను. ఆ మడత చూసి వాళ్లు ముచ్చటపడతారని దారి పొడుగునా అనుకున్న మాట నిజం. ఆమె మడత చూడలేదు. బొమ్మను కాసేపు చూసి, పక్కనున్న కోడలి మొహం చూసింది. కోడలు తన ఫోను తీసి, వేలితో జరిపి జరిపి, నా ముందు పెట్టింది.

అందులో నా కుచ్చు ఉంది. ఆకుపచ్చ పట్టు మీద, బంగారు జరీలో, కుట్టి పూర్తయిన జాకెట్టు. నా పిచ్చుకలు, నా గింజలు. కింద కోదాడ బొటిక్ పేరు. పెట్టి నాలుగు రోజులైంది.

"ఏమనుకోకమ్మా," అంది ఆ తల్లి. "కొత్తది కావాలన్న గద. దీన్ని మా దగ్గర అందరు సూసిన్రు."

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. నేను ఎక్కడో చూసి గీసుకొచ్చానని ఆమె అనుకుంది, అనుకుని మర్యాదగా ఊరుకుంది. ఇది నాదేనని అన్నాను. అందరూ తలలూపారు. మగ్గం పని వాళ్లు అందరూ అలాగే అంటారని ఆ తలలే చెప్పాయి. కోడలి ఫోను తీసుకుని రెండు వేళ్లతో లాగాను. ఎడమ చేతి మీద మూడో గింజ నల్లగా ఉంది. నాకు సాక్ష్యం దొరికింది గానీ, అది నాకు తప్ప ఎవరికీ పనికిరాని సాక్ష్యం. ఎవరికీ చెప్పని దాన్ని ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? మజ్జిగ సగం అలాగే వదిలేసి లేచాను.

సూర్యాపేట బస్సు ఎక్కలేదు. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సు ఎక్కాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను దొంగను ఇంట్లో పెట్టుకోవడమే కాదు, తాళం చెవి కూడా నా చేత్తోనే ఇచ్చానని నాకు ఇంకా తెలియదు. నా బొమ్మ తన దగ్గరికి ఎలా పోయిందన్నదే అర్థం కాలేదు. జిరాక్స్ షాపు వాడి మీద కూడా అనుమానపడ్డాను, పాపం.

చెల్లె బొటిక్‌లో ఆ ఆకుపచ్చ జాకెట్టు నిలువెత్తు ప్లాస్టిక్ బొమ్మకు తొడిగి అద్దాల వెనక పెట్టి ఉంది. నన్ను చూడగానే లేచి, ఎదురొచ్చి, నీళ్లిచ్చింది. భయం లేదు ఆ మొహంలో. నేను జాకెట్టు వైపు వేలు చూపించాను. ఇదెక్కడిదని అడిగాను.

"నీదే గదక్కా," అంది. తన ఫోను తెరిచి చూపించింది. నేను ఆ పలక మీద గీసినవన్నీ వరసగా అందులో ఉన్నాయి. మొదటి వారం వంకర గీతలు, పళ్లెమంత పువ్వు, పద్దెనిమిది రోజుల కుచ్చు. మిషన్‌లో ఉన్నది తన మెయిల్ కాబట్టి, నేను దాచుకున్న ప్రతి బొమ్మా ఆ పూటే తన ఫోనులోకి పోతోంది. నేనే పంపుతున్నాననుకుందట.

మొదట్లో అలా అనుకుని ఉండవచ్చు. అది నేను కొట్టిపారేయను. కానీ నెలన్నర రోజులు రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం. వాళ్ల అత్తగారి మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది, మా ఇంటి బోరు గురించి అడిగింది. బొమ్మల మాట ఒక్కటి ఎత్తలేదు. నలుగురు పనివాళ్లను కూర్చోబెట్టి కుట్టించింది, ఫొటో తీసింది, తన పేరు పెట్టింది. అప్పుడూ ఎత్తలేదు.

"ఒక్క మాట అడిగినవా నన్ను?"

తను తల వంచుకుని మెల్లగా అంది. "అడిగేదేముందక్కా. నీది నాది ఏముంటదని నువ్వే అన్నవు గదా."

పెట్టె విప్పిన రోజు ఈ బొటిక్‌లోనే కూర్చుని అన్నాను ఆ మాట. సంచిలోంచి మిషన్ తీసి తన ముందు పెట్టి, నీ పేరు దీంట్లోంచి తీసేయమన్నాను.

"అట్లా తీస్తే మొత్తం చెరిపేయాలక్కా. బొమ్మలన్నీ పోతయి."

"పోనీ. నీ ఫోన్ల ఉంటయి గద."

అప్పుడు ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడుస్తూనే పాస్‌వర్డ్ కొట్టింది, ఏవేవో నొక్కింది. తెర నల్లబడి, చాలాసేపు గుండ్రంగా ఏదో తిరిగి, చివరకు కొత్తదానిలా లేచి భాష అడిగింది. ఊరు అడిగింది. మెయిల్ అడిగేసరికి తన వేళ్లు అలవాటుగా మీటల మీదికి పోయాయి. నేను మూత వేసేశాను.

వాకిలి దాకా వెంట వచ్చింది. నేను చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే అడిగింది.

"అక్కా, ఆ నల్ల గింజ ఎందుకు పెట్టినవు? మా పనోళ్లు తప్పు పడ్డదేమో మారుద్దామన్నరు. నేనే వద్దన్న. అక్క పెట్టిందంటే ఏదో ఉంటది, అట్లనే కుట్టమన్న."

నా దగ్గర పని నేర్చుకున్నన్నాళ్లూ తను ఏది అడిగినా చెప్పాను. దారం ఏ వైపు తిప్పాలో, ముడి ఎక్కడ దాచాలో, ఏ కస్టమర్‌కు ఎలా మాట్లాడాలో. ఈ పూస సంగతి మాత్రం అప్పుడు తను అడగలేదు, నేను చెప్పలేదు. నీది నాది ఏముందన్న నోటితోనే ఇదొక్కటి దాచుకున్నాను. ఇన్నేళ్లూ దానికి లోలోపల కొంచెం సిగ్గుపడేదాన్ని. ఆ వాకిట్లో ఆ సిగ్గు పోయింది.

ఏమీ లేదులే, రంగు తప్పు పడిందని చెప్పి బస్టాండు వైపు నడిచాను.