గంజి తగలని జేబు

మా మామగారు పోయిన వారం కన్నుమూశారు. విడవలూరు నుంచి మొదటి బస్సుకు గూడూరు వచ్చిన పాలేరు మా గడపలో నిలబడి, "పెద్దాయన పొయినాడమ్మా. కాఫీ తాగి పడక్కుర్చీలో ఒరిగినాడు, ఇంక లేవలా" అన్నాడు. మంచం పట్టలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. ఏడుస్తూనే హమ్మయ్య అనుకున్నాను. అందుకు నన్నెవరూ తప్పు పట్టకండి. ఆయన కోరుకున్నదీ అదే.

ఆయన విడవలూరు బడిలో సైన్సు అయ్యవారు. నేను కోడలిగా వెళ్ళిన కొత్తలో అదే బడిలో రెండో తరగతికి చెప్పేదాన్ని. ఆయన గదికీ నా గదికీ మధ్య గోడ లేదు, తాటాకు తడిక ఒక్కటే ఉండేది. వీశెలు పోయి కిలోలు వస్తున్న రోజులవి. కొత్త తూనికలు నేర్పడమంటే ఆయనకు మహా సరదా. సరిగ్గా అప్పుడే ఆయన చెవులు మొరాయించాయి.

పిల్లలు జవాబులు అరిచి చెప్పేవాళ్ళు. తడిక ఇవతల నా రెండో తరగతి వాళ్ళు కూడా వంత పాడి "వెయ్యి గ్రాములు!" అని అరిచేవాళ్ళు. నా పాఠం గంగలో కలిసేది. ఇంట్లో ఆయనకు చెప్పే రహస్యం ఆయన కంటే ముందు వీధి చివరి వాళ్ళకు చేరేది. మా అత్తగారైతే ఆయన మీద సణగడమే మానేశారు. అరిచి సణగడం ఆవిడకు చేతకాదు.

ఒక సాయంత్రం ఆయన అన్నం ముందు కూర్చుని అన్నారు: "పిలకాయల జవాబు వినపడని అయ్యవారు బళ్ళో ఎందుకు? ఒప్పు చెప్పినోడికీ, తప్పు చెప్పినోడికీ ఒకే మాదిరి తలకాయ ఊపతా ఉండా. మానేస్తా."

హెడ్మాస్టరు గారు కూడా అదే మాట మర్యాదగా చెప్పి ఉన్నారట. బడి లేని మామగారిని ఊహించుకోవడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. గూడూరులో అభ్రకం తీసే మైకా కంపెనీలో పనిచేసే మా ఆయన మద్రాసు వెళ్ళి, చెవికి పెట్టుకునే మిషన్లు రెండు తెచ్చారు, తెల్లదొకటి, నల్లదొకటి. నచ్చింది ఉంచుకుని రెండోది వెనక్కి ఇచ్చేయవచ్చు. సిగరెట్టు పెట్టెంత డబ్బా జేబులో ఉంటుంది, దాన్నుంచి తీగ చెవిలోకి వెళుతుంది. మాట పట్టుకునే మైకు ఆ డబ్బాలోనే ఉంటుందంటే అత్తగారు నమ్మలేదు.

"మైకంటే నాటకాలప్పుడు అయిదారుగురు దాని ముందు నిలబడి పాడతారే, అదిగదా. ఇంత దాంట్లో ఎట్ట పడుతుంది?"

డబ్బాలతో పాటు వచ్చిన కాగితాలు రెండూ మామగారు పక్కపక్కన పెట్టుకుని నాకు వివరించారు. చిన్న మాటకు ఆ మైకు ఎంత పలుకుతుందో ఒక అంకె. ఎవరూ మాట్లాడనప్పుడు తనకు తానే ఎంత రొద చేస్తుందో ఇంకో అంకె. "మొదటి అంకె చూసి మురిసిపోబాక అమ్మాయ్. రొద కూడా అంతే ఎక్కువైతే ఏం లాభం? రెంటికీ మధ్య ఎంత ఎడముందో, అందులోనే మనిషి మాట వినపడేది."

కాగితం ప్రకారం తెల్ల డబ్బా రెండు అంకెల్లోనూ మేలు. పలుకు ఎక్కువ, రొద తక్కువ. చెవిలో పెట్టుకుంటే మాత్రం కథ తిరగబడింది. పెరట్లో గడ్డివామి పక్కన నిలబడి నేను వాచకంలోని మాటలు మామూలు గొంతుతో చదువుతుంటే, ఆయన వీపు నాకు పెట్టి తిరిగి చెప్పాలి. నల్ల డబ్బాతో సగం మాటలు అందలేదు. తెల్లదానితో అన్నీ అందేవే గానీ, మధ్య మధ్య ఒకటే గరగర. ఆ గరగరలో మాటలు కొట్టుకుపోతున్నాయి.

"మద్రాసోళ్ళు అబద్ధం రాసినారు మామా" అన్నాను, ఒళ్ళు మండి.

"తొందరపడి ఒకరి మీద నింద వెయ్యబాక. ముందు మన దగ్గర ఏం సద్దుందో చూసుకుందాం. నువ్వూ మీ అత్తా నోరు మూసుకోండి."

మూసుకున్నాం. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. తరువాత ఊపిరి బిగపట్టారు. వదిలారు. మళ్ళీ బిగపట్టారు. అత్తగారు కంగారుపడి దగ్గరికి పోతే చెయ్యి అడ్డం పెట్టి నవ్వారు. "ఊపిరి ఆపితే గరగర ఆగిపోతా ఉండాది. ఇది మిషను చేసే సద్దు గాదు. నీ గంజి."

మా అత్తగారి గంజి ఊళ్ళో పేరున్న గంజి. ఆయన చొక్కా విప్పి నిలబెడితే నిలబడేది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ బిరుసు గుడ్డ డబ్బాను రాసుకుంటోంది. తెల్లది సున్నితమైంది కనక ఆ రాపిడిని కూడా వదలకుండా పట్టుకుంటోంది.

ఆవిడ మొహం మాడిపోయింది. "గంజి లేకుండా బడికి పంపితే నలుగురూ నన్నేమంటారు?"

ఆయన ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ చొక్కాలు ఈనాటికీ అలాగే ఉండేవి. మర్నాడు ఆవిడ చొక్కాను గంజిలో ముంచుతుంటే చూశాను. జేబును మాత్రం పిడికిట్లో పైకి పట్టుకుని, మిగతా అంతా ముంచింది. ఆ తరువాత ఆయన రిటైరయ్యే దాకా చొక్కా అట్టలా ఉండేది, జేబు మాత్రం మెత్తగా వేలాడేది. ఊళ్ళో వాళ్ళు నవ్వేవాళ్ళు. మాకు నవ్వే తీరిక ఉండేది కాదు, ఇంట్లో మెల్లగా మాట్లాడుకోవడంలో అంత సుఖం ఉంది.

ఆయన పోయినప్పటి నుంచి నా కళ్ళ ముందు నిలిచింది మాత్రం ఆ జేబుతో ఆయన బడికి వచ్చిన మొదటి సోమవారం. హెడ్మాస్టరు గారు వచ్చి ఆయన తరగతిలో కూర్చున్నారు. ఆయన బళ్ళో ఉండేదీ మానేదీ ఆ రోజుతో తేలిపోతుంది. తడిక అవతల నుంచి అరుపులు లేవు. ఎంతసేపు చూసినా నా పిల్లల గోల తప్ప ఏమీ వినపడలేదు.  మిషను మొండికేసింది, ఆయన లేచి వెళ్ళిపోయారు అనుకున్నాను. సుద్దముక్క అక్కడే పడేసి ఆయన గది గుమ్మం దాకా పరిగెత్తాను.

ఆయన అక్కడే ఉన్నారు, పిల్లలకు వీపు పెట్టి, బోర్డు వైపు తిరిగి. చివరి వరసలో ఒక పిల్ల లేచి మామూలు గొంతుతో జవాబు చెబుతోంది. ఆ పిల్ల చెప్పిందల్లా ఆయన బోర్డు మీద రాస్తున్నారు. తరువాతి పిల్లవాడు పాత అలవాటు కొద్దీ గొంతు చించుకున్నాడు. ఆయన తిరగలేదు.

"ఎందుకురా అబ్బయా అట్ట అరస్తావు? నాకేమన్నా చెవుడా?"

హెడ్మాస్టరు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుమ్మంలో నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆయన మాత్రం సుద్దముక్క ఎత్తి పట్టుకుని, బోర్డు వైపే తిరిగి, వాడు మెల్లగా చెప్పబోయే జవాబు కోసం ఆగి ఉన్నారు.