క్యాంపు మ్యాపు గీసిన పెద్దాయన

పోయిన మంగళవారం నేను ఆఫీసుకు వెళ్ళేసరికి రిసెప్షనిస్టు అప్పుడే ఫోన్ పెట్టేస్తోంది. "ముసలాయన పోయాడట. కూతురు చెప్పింది" అంది. ముసలాయన అంటే మా కౌంటీ (ఇక్కడి జిల్లా) సర్వే ఆఫీసులో నాకు పైఅధికారిగా ఉండి, నాలుగేళ్ళ క్రితం రిటైరైన పెద్ద సర్వేయరు. నాకు ఏడుపు రాలేదు. కాఫీ కలుపుకుని నా బల్ల దగ్గర కూర్చున్నాను.

మన తెలుగు సంఘం వార్షిక సంచికకు, ఈ దేశంలో మీకు మేలు చేసిన ఒక మంచి మనిషి గురించి రాయమని సంపాదకులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆయన మంచి మనిషని నేను రాయలేను. నన్ను ఆయన పెట్టినన్ని తిప్పలు ఇంకెవరూ పెట్టలేదు. మేలు మాత్రం చేశాడు. అందుకని పళ్ళు కొరుక్కుంటూనే రాస్తున్నాను.

డెబ్భై ఏడులో టెక్సస్‌లోని ఈ చిన్న ఊళ్ళో ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు నా పేరు చెబితే, "అంత పొడుగుది నా నోట్లో పట్టదు" అని నాకు 'కొత్త మనిషి' అని పేరు పెట్టాడు. నా తర్వాత ఇద్దరు చేరారు, అందులో ఒకడు మానేసి వెళ్ళిపోయాడు కూడా. కొత్త మనిషిని మాత్రం నేనే. రోజూ మధ్యాహ్నం పన్నెండుకు ఆయనకు ఉడికించిన గుడ్డు ఒకటి, కాగితంలో చిటికెడు ఉప్పు. అది తినేటప్పుడు ఎవరైనా మాట్లాడిస్తే కసురుకునేవాడు. పెన్సిల్ చాకుతో చెక్కుకునేవాడు, ఇంకొకరు చెక్కితే నచ్చేది కాదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొలిచిన అంకెలు కొలిచిన చోటే నిలబడి ఫీల్డ్ బుక్‌లో రాసుకోవాలి. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు. అంకె మీద ఒక్క గీత గీసి, పైన సరైనది రాసి, పక్కన పొడి అక్షరాలు పెట్టాలి. చేరిన మొదటి వారంలోనే నా చొక్కా జేబులో రబ్బరు కనబడింది. తీసి కాలవలోకి విసిరేశాడు. "తప్పు కనబడాలి. తప్పు కనబడని పుస్తకాన్ని కోర్టు నమ్మదు, నేనూ నమ్మను" అని, అరమైలు మళ్ళీ కొలిపించాడు, మండుటెండలో.

ఇంటికొచ్చి చిందులు తొక్కాను. "ముసలాడికి కళ్ళు నెత్తికెక్కాయి" అంటే మా ఆవిడ, "మీరేం తక్కువ తిన్నారు లెండి. రూల్ ఉందని తెలిసీ రబ్బరెందుకు క్యారీ చేశారు?" అంది. ఆ పూట ఆమెతో కూడా మాట్లాడలేదు.

ఊరికి పడమట పెద్ద ఖాళీ నేల ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ మిలిటరీ క్యాంపు. ఒక పక్క కొత్త సిపాయిలకు శిక్షణ, ముళ్ళకంచె అవతల జర్మన్ ఖైదీలు. ఆ ఖైదీలను చుట్టుపక్కల పొలాల్లో పత్తి తీయడానికి పంపేవారట. యుద్ధం అయ్యాక సిపాయిలుండిన బారకాసులు వేలం వేశారు. ఒకటి చర్చి హాలయింది, కొన్ని కోళ్ళ షెడ్లయ్యాయి. మా పెద్దాయన ఇరవై ఏళ్ళ వయసులో ఆ క్యాంపులోనే మ్యాపులు గీసే సిపాయి.

ఎనభై ఒకటిలో ఆ నేల మీదుగా ఒక కొత్త కాలనీకి రోడ్డు వేయాలని కౌంటీని నడిపే కమిషనర్లు తీర్మానించారు. సర్వే నాకు పడింది. క్యాంపు పాత మ్యాపు తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, కంచె పక్కన ఒకచోట కాగితం నలిగి పలచబడి ఉంది. పరీక్షగా చూశాను. చిన్న చిన్న నలుచదరాలు మూడు, పక్కన దూరాలు, అన్నీ రబ్బరుతో చెరిపేసి ఉన్నాయి. కింద సంతకం మా పెద్దాయనదే.

దొరికాడు అనుకున్నాను. దాచడమెందుకు, పండగలా అనిపించింది. నలుగురూ ఉండగా ఆయన బల్ల మీద మ్యాపు పరిచి, "ఇది ఎవరు చెరిపారు?" అని అడిగాను.

మ్యాపు మీదికి వంగి చూశాడు. లేచి, మిగతావాళ్ళను బయటికి పంపి తలుపు వేశాడు. "నేనే" అన్నాడు.

అవి జ్వరంతో చనిపోయిన ముగ్గురు ఖైదీల సమాధులు. యుద్ధం ముగిశాక వాటిని మిలిటరీ శ్మశానానికి తరలించమని ఉత్తర్వు వచ్చింది. రెండు తీశారు. మూడోదాని దగ్గర వాన, బురద. ట్రక్కు ఆగలేదు. మూడూ తీసేశామని ఆఫీసరు రిపోర్టు రాసి, మ్యాపులో చెరిపేయమన్నాడు. ఈయన చెరిపేశాడు.

"రోడ్డు సరిగ్గా ఆ మనిషి మీదుగా పోతుంది" అన్నాను.

"తెలుసు. నీ గ్రీన్‌కార్డు వచ్చిందా?"

రాలేదు. నా కాగితాలు కౌంటీ తరఫునే వెళ్ళాయి. కాలనీ కావాలని పట్టుబట్టినవాళ్ళూ ఆ కమిషనర్లే.

"అయితే నీ పుస్తకంలో రాయకు. నీ రాత ఎలాగూ ఎవడికీ అర్థం కాదు. నేను రాస్తాను."

ఆయన్ని సిగ్గుపడేలా చెయ్యాలని వెళ్ళినవాణ్ణి, ఆ సమాధిని ఏం చెయ్యాలో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాదు, నేనే రాస్తానని అనాల్సింది. అనలేదు. సరే అన్నాను. పైగా ప్రాణం తేలికపడింది. అది నా ముఖంలో ఆయన చూశాడు. రబ్బరు విసిరేసినందుకు కాదు, అలా చూసినందుకు ఆయన మీద నా కోపం ఇన్నేళ్ళూ చల్లారలేదు.

కమిషనర్ల మీటింగులో ఆయన నిలబడి, "అక్కడ సమాధి ఉంది. మ్యాపులో లేకుండా చేసింది నేను" అన్నాడు. ఒక కమిషనర్ లేచి, "మన కుర్రాళ్ళను చంపినవాడి కోసం రోడ్డు ఆపమంటావా?" అని కేకలేశాడు.

"ఆపమనలేదు, జరపమన్నాను. వాడెవడన్నది నాకనవసరం. అక్కడున్నాడు. ఉన్నదాన్ని చూపించడం నా పని."

నేను వెనక వరసలో తల దించుకుని కూర్చున్నాను.

తవ్వితే మూడడుగుల లోతులో శవపేటిక చెక్క తగిలింది. అక్కడితో ఆపేశారు. బంధువుల అనుమతి లేకుండా సమాధి కదపకూడదని చట్టం. బంధువులెవరో ఎవరికీ తెలియదు. చివరికి రోడ్డే కదిలింది.

ఊరు ఆయన్ని వదిలిపెట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే కాఫీ తాగే హోటల్లో, యుద్ధానికి వెళ్ళొచ్చిన ఆయన స్నేహితులే లేచి వేరే బల్లకు మారారు. ఆయన అక్కడికి వెళ్ళడం మానలేదు, ఒక్కడే కూర్చునేవాడు. మరుసటేడు రిటైరైతే విందు కూడా ఇవ్వలేదు. ఆఖరిరోజు కారు దాకా ఆయన పెట్టె మోశాను. "నీ కార్డు వచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను. "అయితే ఇక నీకు భయపడే హక్కు లేదు" అని కారెక్కాడు. థాంక్స్ లేదు, గుడ్‌బై లేదు.

శనివారం అంత్యక్రియలకు మా ఆవిడ కూడా వస్తానంది. "బతికున్నన్నాళ్ళూ తిట్టుకున్నారుగా, ఒక్క దండం పెట్టి వద్దాం పదండి" అంది. జనం నేననుకున్న దానికన్నా ఎక్కువే వచ్చారు. పక్క బల్లకు మారినవాళ్ళూ వచ్చారు, మాజీ కమిషనర్లూ వచ్చారు. చర్చి నుంచి శ్మశానానికి ఆ కొత్త రోడ్డు మీదుగానే పోవాలి. ఇక్కడి ఆచారం ప్రకారం పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకుని, శవపేటిక ఉన్న నల్లకారు వెనకాల బయల్దేరాం.

క్యాంపు నేల దగ్గరికొచ్చాక మా ఆవిడ అడిగింది: "ఏమండీ, ల్యాండ్ ఇంత ఫ్లాట్‌గా ఉంది కదా, రోడ్డు ఇక్కడెందుకు ఇలా టర్న్ చేశారు?"

ఐదేళ్ళుగా ఈ సంగతి ఆమెకు చెప్పలేదు.

"అక్కడొక మనిషి ఉన్నాడు. పుస్తకంలో రాయడానికి నేను భయపడ్డాను. ముందు పోతున్నాయన రాశాడు."

ముందు నల్లకారు నెమ్మదించి, ఆ గడ్డిజాగా చుట్టూ తిరిగింది. దాని వెనక మాజీ కమిషనర్ల కార్లు, కాఫీ హోటల్ వాళ్ళ కార్లు, ఒక్కొక్కటే బ్రేకు వేసి, చుట్టూ తిరిగి వెళ్ళాయి.