రెండో పిలుపు

మా దుకాణంలో ధర అడిగి, అడిగినంతా ఇచ్చి వెళ్ళిపోయిన మనిషిని నేను మొదటిసారి చూసింది ఆయన్నే. కొన్నది ఒక స్టీలు టిఫిన్ డబ్బా. నేను చెప్పిన ధరలో కొంత బేరంలో వదులుకోవడానికని పెంచి చెప్పింది. ఆయన దాన్ని కూడా చెల్లించి, "థాంక్సమ్మా" అని మెట్లు దిగారు. గల్లా దగ్గరున్న నాన్న, లాభం వచ్చినందుకు సంతోషపడాలో, నేను ఇంకొంచెం ఎక్కువ చెప్పనందుకు ఏడవాలో తేల్చుకోలేక టీ తెప్పించాడు.

వరంగల్‌లో స్టీలు సామాను, బకెట్లు, తాళ్ళు, చీపుర్లు అమ్మే బజారు మాది. నేను అక్కడే పెరిగాను. అక్షరాల కంటే ముందు బేరం వచ్చింది నాకు. బడిలో పరీక్ష పేపరు చేతికిస్తే, అన్నీ రాయాల్నా టీచర్, కొన్ని రాస్తే కాదా అని అడిగిన రకం. కాబట్టి అడిగినంతా ఇచ్చే మనిషంటే నాకు గౌరవం కలగలేదు. జాలి కలిగింది.

బజారంతా ఆయన్ని బారిష్టర్ సాబ్ అనేది. లండన్ పోయి, అక్కడి కోర్టులో నిలబడి వాదించే అర్హత సంపాదించి, తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టకుండా ఫౌజులో చేరారట. మేమంతా ఇంట్లో కూర్చుని టీవీలో చూసిన మంచుకొండల యుద్ధంలో ఆయన ఆ కొండల మీదే ఉన్నారు. ఎడమ కాలి వేళ్ళు కొన్ని చలికి అక్కడే పోయాయి. యుద్ధం గురించి ఎవరడిగినా "చలి ఎక్కువ" అనేవారు. ఎంత ఎక్కువ సార్ అని మా నాన్న ముచ్చట పొడిగించబోతే "బాగా" అన్నారు. ఫౌజు నుంచి వచ్చాక హన్మకొండ కోర్టులో కుదురుకున్నారు. మన దేశంలో బారిష్టర్లు లేరు, అందరం అడ్వకేట్లమే అని ఆయన మాకు చాలాసార్లు చెప్పి చూశారు. మేం దేన్నైనా తగ్గిస్తాం గానీ, ఒకసారి పిలిచిన పేరును తగ్గించం.

మా బజారు వెనక ఒక నాలా ఉంది. ఉండేది అనడం సరైన మాట. దాని మీద కొంత దూరం షెడ్లు, ఆపైన ఒక పెద్ద ఫంక్షన్ హాలు లేచాయి. గట్టి వాన పడితే నీళ్ళు పోయే తోవ లేక మా దుకాణాల్లోకి వచ్చేవి. వర్ధన్నపేట నుంచి పెళ్ళి సామాను కొనడానికి వచ్చినవాళ్ళకు బిందెలు తేలుతూ ఎదురెళ్ళేవి. బారిష్టర్ సాబ్ మా తరఫున కేసు వేసి, ఏళ్ళ తరబడి తిరిగి గెలిచారు. నాలా మొత్తం, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీ చేయించాలని తీర్పు. మేము మిఠాయి పంచుకున్నాం. ఆ ఏటి వానకు మిఠాయి డబ్బాలు కూడా తేలాయి.

కార్పొరేషన్ ఆఫీసులో ఎవర్ని అడిగినా ఫైలు నడుస్తోందనే అన్నారు. అది ఎటు నడిచిందో గానీ నాలా దగ్గరికి మాత్రం రాలేదు. ఒకరోజు ఆయన దుకాణానికి వచ్చి, తీర్పు ఇచ్చే కుర్చీ వేరు, కూలగొట్టే మిషను పంపే కుర్చీ వేరు, ఆ రెండోది కార్పొరేషన్‌లో ఉంది కాబట్టి కార్పొరేటర్‌గా నిలబడతానన్నారు. మా డివిజన్లో గెలవాలంటే ఫలానా పార్టీ టికెట్ ఉండాలి. టికెట్ వస్తే నాలా వస్తుంది, రాకుంటే రాదు. లెక్క అంత సాఫుగా ఉంది.

టికెట్ ఇచ్చే జిల్లా నాయకుడు మిర్చి అడ్తి, అంటే కమీషన్ వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు. బేరమాడే పద్ధతిలో ఆయనా మేమూ ఒకే బడి. ఆ సంగతి తలుచుకునే సరికి నాకు ఎక్కడ లేని హుషారు వచ్చింది. ఎట్లా మాట్లాడాలో నేను చెప్తాను సార్ అన్నాను.

మా దగ్గర బేరం దుకాణం లోపల తెగదు, మెట్ల మీద తెగుతుంది. ఇద్దరూ బిగుసుకున్నాక కొనేవాళ్ళు వద్దులే అని లేచి మెట్లు దిగుతారు. దుకాణదారు పిలుస్తాడు. అక్కడ అసలు ధర బయటికి వస్తుంది. ఇదంతా ఆయనకు విప్పి చెప్పాను. నాయకుడు ముందు ఈయన్ని ఫౌజు యూనిఫాం వేసుకుని మెడల్స్‌తో ఫ్లెక్సీలకు ఫొటో దిగమంటాడు. తర్వాత ఫంక్షన్ హాలు ఊసెత్తవద్దంటాడు, ఎందుకంటే దాని ఓనరు పార్టీ మనిషే. ఈయన రెండూ ఒప్పుకోరని నాకు తెలుసు.

"మీరు నమస్తే పెట్టి లేవాలె. మెట్లు దిగాలె. పిలుస్తడు. తిరగద్దు," అన్నాను.

"తిరగద్దు," అని ఆయన ఆర్డరు అందుకున్నట్టు తిరిగి చెప్పారు. నాకు ముచ్చటేసింది. అనుమానం వేయాల్సింది.

నాయకుడి ఆఫీసు ఇంటి పైఅంతస్తులో. మెట్ల కింద, చెప్పుల గుంపు పక్కన నేను నిలబడ్డాను. పైన మాటలు అనుకున్న తోవలోనే నడిచాయి. యూనిఫాం ఫొటో, కాదు. ఫంక్షన్ హాలు, కాదు. కుర్చీ జరిగిన చప్పుడు. బారిష్టర్ సాబ్ మెట్ల మీద కనబడ్డారు. వెనకే నాయకుడు వరండాలోకి వచ్చి, సార్, జర ఆగుండ్రి అన్నాడు. ఈయన తిరగలేదు. శభాష్ అనుకున్నాను.

నాయకుడు రెండు మెట్లు దిగి వచ్చాడు. "అరె, రాండ్రి సార్. మీరన్నట్టే చేద్దాం. కూసొని మాట్లాడుదాం."

అది రెండో పిలుపు. ధర విరిగిపోయింది. టికెట్టూ నాలా రెండూ ఆ మెట్టు మీదికి వచ్చి నిలబడ్డాయి. బారిష్టర్ సాబ్ నా పక్క నుంచే, నా వైపు కూడా చూడకుండా, ఆ తెగిన వేళ్ళ కాలితో కవాతు చేస్తున్నట్టు గేటు దాటి ఎదురుగా ఆగిన ఆటో ఎక్కారు.

మా పద్ధతిలో మొదటి పిలుపుకు తిరగకపోవడం బేరం. రెండో పిలుపుకు కూడా తిరగకపోతే, నీ సరుకే కాదు, నీ దుకాణమే వద్దు అని మొహం మీద చెప్పడం. అడ్తి ఇంటి బిడ్డకు అది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆయన పైనుంచి నన్ను చూసి, "మంచిగ నేర్పినవ్ చెల్లె," అని లోపలికి వెళ్ళిపోయాడు.

బారిష్టర్ సాబ్‌ను కోర్టు క్యాంటీన్‌లో పట్టుకున్నాను.

"రెండోసారి పిలిచిండు గదా సార్, ఇనబడలేదా?"

"ఇనబడ్డది."

"మరి?"

"తిరగద్దన్నవ్ గదా."

"అది మొదటిసారికి. రెండోసారికి తిరగాలె."

"ఆ మాట నువ్వు చెప్పలేదమ్మా."

చెప్పలేదు. బువ్వ నమిలి మింగాలని కూడా నేనెవరికీ చెప్పలేదు. మా బజార్లో పాలపళ్ళు ఊడని పిల్లలకు సైతం తెలిసిన సంగతి లండన్ పోయొచ్చిన మనిషికి తెలియకపోవచ్చని నాకు తట్టలేదు. మర్నాడు ఆయన మళ్ళీ వెళ్ళి సంగతి వివరించబోయారు. అప్పటికే టికెట్ ఫంక్షన్ హాలు ఓనరు బామ్మర్దికి పోయింది.

ఆయన ఇండిపెండెంటుగా నిలబడ్డారు. ఇంటింటికీ నేను కూడా తిరిగాను. ఒకామె మా గల్లీకి సీసీ రోడ్డు వేయిస్తరా సార్ అంటే, నేను తలూపేలోపే ఆయన, అది నా ఒక్కడి చేతుల లేదమ్మా, ప్రయత్నం చేస్త అన్నారు. ఆమె తలుపు మెల్లగా, మర్యాదగా వేసుకుంది. చాలా తలుపులు అంత మర్యాదగానే పడ్డాయి. బామ్మర్ది గెలిచాడు.

వానలు ఇంకా మొదలు కాలేదు. ఒక సాయంత్రం ఆయన దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. బామ్మర్ది దగ్గరికి నాకు చెప్పకుండా ఒక్కరే వెళ్ళొచ్చారట.

"బేరం చేసిన," అన్నారు.

తీర్పు ధిక్కరించారని ఆయన మళ్ళీ కోర్టుకెక్కరు. బదులుగా మా బజారు నుంచి ఫంక్షన్ హాలు గోడ దాకా నాలా తీస్తారు. హాలు జోలికి ఎవరూ పోరు. ఆ కొస అట్లనే ఉంటుంది. సగం అన్నమాట. మంచి బేరమే సార్ అన్నాను. నిజంగా మంచి బేరమే. ఓడిపోయిన మనిషి చేతిలో ఏమీ లేకుండా పోయి సగం పట్టుకొచ్చారు, నేనైనా అంతకంటే తేగలిగేదాన్ని కాదు. ఆయన ముందు పెట్టిన టీ మీద మీగడ కట్టింది. తాగకుండానే లేచారు.

మిషను వచ్చింది. షెడ్లు పోయాయి. ఆ ఏడు మొదటి పెద్ద వానకు మా దుకాణంలోకి చుక్క రాలేదు. నాన్న బిందెలన్నీ ముందుజాగ్రత్తగా పై అరలకు ఎక్కించి, తెల్లారి మళ్ళీ కిందికి దించుకున్నాడు. బజారు బజారంతా బారిష్టర్ సాబ్ పేరు చెప్పుకుంది.

నీళ్ళు మాత్రం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. తీసిన నాలాలో జోరుగా పారి, ఫంక్షన్ హాలు గోడకు తగిలి, పక్కకు మళ్ళి, ఎన్నడూ మునగని వెనక గల్లీలో చొరబడ్డాయి. అక్కడ ఉండేది కూలికి పోయేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు. సంగతి తెలిసి ఇద్దరం వెళ్ళాం. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో దిగారు. ఒక ఇంట్లో ముసలామె మంచం మీద బియ్యం డ్రమ్ము పెట్టుకుని, దానికి ఆనుకుని కూర్చుంది. ఆయన్ని గుర్తుపట్టింది.

"నాలా తీపిచ్చింది నువ్వేనట గద బిడ్డా. మా దాక ఎందుకు తీపియ్యలే?"

"సగానికి ఒప్పుకున్న అవ్వా."

"ఎవలనడిగి?"

ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది. ఆయన కోర్టులో ఎన్నో ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పిన మనిషి. ఎవర్నీ అడగలేదు అవ్వా అన్నారు. ఆమె నా వైపు చూసింది. అది మంచి బేరమన్న మాట నా నోటి దాకా వచ్చింది. అక్కడ నిలబడి అనడానికి బాగుండదని ఆపుకున్నాను.

అవ్వ ఇక మమ్మల్నేమీ అడగలేదు. మంచం కోళ్ళు తడిసి ఊగుతున్నాయి, డ్రమ్ము అటకెక్కించాలె, చెరో దిక్కు పట్టుండ్రి అంది. పట్టుకున్నాం.