ఎక్కానికొక గింజ

నీలావతి టీచరమ్మ గుట్టకిందపల్లెలో పదకొండేళ్ళు పనిచేసింది. చెన్నేకొత్తపల్లిలో బస్సు దిగి నడిచి పోవాల్సిన ఆ ఊరికి ఆమె వచ్చేనాటికి బడి వయసు రెండేళ్ళు. రంగప్ప అనే రైతు ఎద్దుల కోసం కట్టించి, ఎద్దులకు చాలదని వదిలేసిన కొట్టమే బడి. గంట లేదు, బల్ల లేదు. నల్లబోర్డు నడుమ చీలింది కాబట్టి పెద్ద మాటలను రెండు ముక్కలుగా రాయాలి.

ఆమెది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆరేళ్ళప్పుడు ఆమె దారం కండెలు చుడుతూ, మగ్గం మీది నుంచి ఆయన అడిగే లెక్కలకు జవాబు చెప్పేది. చెయ్యి ఆగితే తిట్టేవాడు. నోరు ఆగితే ఇంకో లెక్క అడిగేవాడు. తరువాత ట్రైనింగులో బోధనా పద్ధతుల గురించి చాలా చెప్పారు. ఆమె అన్నీ రాసుకుంది, పరీక్ష పాసైంది. పిల్లల ముందు నిలబడితే మాత్రం గుర్తొచ్చేది మగ్గమే.

1957 జూన్‌లో ఎండాకాలం సెలవుల తరువాత బడి తెరిచిన రోజు ఆరుగురు వచ్చారు. రిజిస్టరులో ఉన్నది ఇరవై ఎనిమిది మంది. పైనుంచి కాగితం ఒకటి వచ్చింది. జూలై ఆఖరులోపు ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. హాజరు ఇరవై ఐదుకు తగ్గినా, పిల్లలకు చదువు రాకపోయినా ఈ బడి మూసి మూడు మైళ్ళ అవతలి బడిలో కలిపేస్తారు. దారిలో వానకు పొంగే వంక దాటాలి. మగపిల్లలు పోతే పోవచ్చు. ఆడపిల్లలు పదకొండు మంది. వాళ్ళలో ఒక్కరినీ అంత దూరం పంపరని ఆమెకు తెలుసు.

పిల్లల్ని వెతకాల్సిన పని లేకపోయింది. రంగప్ప వసారాలో వేరుశనగ కాయల కుప్ప చుట్టూ కూర్చుని విత్తనం వలుస్తున్నారు. మరీ ముందే వలిస్తే గింజ చెడుతుంది, వాన పడ్డాక మొదలుపెడితే అదను దాటుతుంది. అందుకని ఈ రోజు ఒక రైతుకు, రేపు ఇంకొకరికి, రెండు నెలలూ వలుపే. దానికొక పద్ధతి ఉంది. వలిచేవాళ్ళు పాడుతూ ఉండాలి. నోరు మూసుకున్నారంటే లోపల గింజ ఉన్నట్టే. రంగప్ప అరుగు మీద కూర్చుని పాట కన్నా, పాట ఎక్కడ ఆగుతుందో వినేవాడు.

"పిల్లోళ్ళ కోసరమా టీచరమ్మా? విత్తనం అయిపోనీ, పంపిస్తా."

"విత్తనం అయిపోయేలోగా బడి అయిపోతాదన్నా."

"పోతే ఏమి? నా కొట్టం నాకొస్తాది."

ఆమె నవ్వలేదు. "కాయలు ఆ కొట్టంలోనే పోయించు. ఆడనే వలుస్తారు. పాటకు బదులు ఎక్కాలు చెబుతారు. నువ్వు యాడుండినా వినపడతాది."

రంగప్ప ఆలోచించాడు. "పాటలో ఊపిరి తీసుకునే జాగా ఉండాది. ఆ జాగాలోనే తింటాండారు. ఎక్కంలో జాగా ఉండాదా?"

"లేదు."

"అట్లయితే సరే."

"ఇంకొకటి. ఎక్కం అయిపోతానే తలా ఒక గింజ తింటారు. నీ కండ్ల ముందరే."

"ఎక్కానికొక గింజా? అది విత్తనం తల్లీ."

"ఇప్పుడు ఎన్ని పోతాండాయో నీకు తెలుసు గదన్నా."

తెలుసు కాబట్టి ఒప్పుకున్నాడు, తక్కిన రైతులనూ ఒప్పించాడు.

మొదటి రోజు మధ్యాహ్నానికే కోపంగా వచ్చాడు. "రెండో ఎక్కం పదహారు సార్లు చెప్పినారు. నేను విన్యా."

చెప్పిన ఎక్కం ఆ రోజు మళ్ళీ చెప్పకూడదని నీలావతి నియమం పెట్టింది. ఇక గింజ కావాలంటే పై ఎక్కానికి పోవాల్సిందే. అందరూ తప్పు లేకుండా చెబితేనే ఎవరికైనా గింజ అన్నది రెండో నియమం. తొమ్మిదేళ్ళ గౌరికి వారంలో పన్నెండో ఎక్కం దాకా వచ్చేసింది. పక్కనున్న జయరాముడు ఏడు దగ్గరే తడబడుతున్నాడు.

"రేయ్, నీ వల్ల అందరి నోళ్ళూ ఎండుతాండాయి," అని గౌరి వాడిని మూలకు లాక్కుపోయి నేర్పింది. నీలావతి చూసీ చూడనట్టు ఊరుకుంది. తాను చెబితే వాడికి నాలుగు రోజులు పట్టేది. గౌరికి ఒక పూట పట్టింది.

జూలై మూడో వారంలో పెనుకొండ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చీలమండల దాకా పొట్టు.

"ఇది బడా, కళ్ళమా?"

కాయలు పక్కకు తీయించాడు. పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు కట్టుకోమన్నాడు. లెక్కపెడితే ఇరవై ఆరుగురు. హాజరు గట్టెక్కింది.

"ఏడో ఎక్కం చెప్పండి."

ఎవరూ నోరు విప్పలేదు. గౌరి "ఏడొకట్ల ఏడు" అని మొదలుపెట్టి, కట్టుకున్న తన చేతుల వైపు చూసుకుని ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు జేబులోంచి పెన్ను తీశాడు.

"సార్, వాళ్ళను కూర్చోనీయండి," అంది నీలావతి. "మా పిల్లోళ్ళకు చేతులు కట్టేస్తే నోరు గూడా పడిపోతాది."

ఆయన జవాబు చెప్పకముందే తలా పిడికెడు కాయలు పంచింది. కాయ చిట్లిన చప్పుడుతో పాటే ఎక్కం లేచింది. ఏడు పదులు డెబ్బై అనగానే ఇరవై ఆరు చేతులు ఇరవై ఆరు నోళ్ళకు పోయాయి.

"ఏం తింటున్నారు?"

"ఏడో ఎక్కం సార్," అంది గౌరి.

నీలావతి జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన వింటూ ఉన్నట్టుండి జయరాముడి వైపు తిరిగాడు. "పన్నెండును ఏడుతో హెచ్చిస్తే?"

"ఎనభై నాలుగు," అన్నాడు వాడు, కాయ వలవడం ఆపకుండా.

విజిటర్స్ పుస్తకంలో ఆయన రాసింది నాలుగు ముక్కలు: "హాజరు 26. ఎక్కాలు తృప్తికరం. బడి కొనసాగించవచ్చును. పొట్టు ప్రతిరోజూ ఊడ్పించవలెను."

ఆయన పోయాక రంగప్ప వచ్చి ఆ మాటలు రెండుసార్లు చదివించుకున్నాడు. తన కొట్టం తనకు రాదని తెలిసినా బాధపడినట్టు కనిపించలేదు.

"ఊడ్చేదెవరు?"

"పిల్లోళ్ళే."

"అప్పుడేం చెప్పిస్తావు?"

"పద్యాలు."

"పద్యానికి గింజ లేదు, ముందే చెబుతాండా."

"వద్దులేన్నా. పొట్టులో వలవకుండా మిగిలినవి వాళ్ళకే."

మరునాటి నుంచి కొట్టం మూలమూలలా ఊడ్చారు. అయితే వలుపులో వదిలేసిన కాయలు మాత్రం ఎందుకో రోజురోజుకూ పెరుగుతూ వచ్చాయి.