తాళం వేసిన హాస్టల్లో నడక పోటీ

భద్రాచలంలో నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా కాలేజీలో నడక పోటీ పెట్టారు. ఆటలు ఆడించే పీడీ సారు అందరి ఫోన్లలో ఒక యాప్ వేయించారు. చాలినంత నడిచినవాళ్ల పేరు అందులో పచ్చగా, నడవనివాళ్ల పేరు ఎర్రగా కనిపించేది. రోజూ పొద్దున్నే ఆయన దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. అబ్బాయిలంతా పచ్చ. హాస్టల్లో ఉండే ఆడపిల్లలమంతా ఎరుపు.

మా హాస్టల్ కాలేజీ పక్కనే. క్లాసులు అయిపోయి గదికి చేరి ముఖం కడుక్కునేలోపే గేటుకు తాళం పడేది. అబ్బాయిలు సాయంత్రమంతా గోదావరి కరకట్ట మీద తిరిగేవాళ్లు. మేము మేడ మీద నడిచాం. పక్క బిల్డింగు వాళ్లు చూస్తున్నారని వార్డెన్ మేడం మేడ తలుపుకూ తాళం వేశారు. వరండాలో నడిస్తే కింది గదులకు చప్పుడన్నారు. నేను బోనకల్ పిల్లను. ఇంటి నుంచి స్టేషనుకు నడిచి, రైలెక్కి రోజూ ఖమ్మం వెళ్లి ఇంటర్ చదివాను. అలాంటిది ఒకరోజు ప్రిన్సిపాల్ సారు అందరి ముందు, ఆడపిల్లలు మంచం దిగడం లేదు, రేపు అత్తగారింట్లో ఏం పని చేస్తారు అన్నారు. అబ్బాయిలు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎర్రగా ఉన్నవాళ్లకు ఇంటర్నల్ మార్కులు తగ్గిస్తామని కూడా ఆ రోజే చెప్పారు.

మార్కుల మాట వినగానే మా గదిలో పిల్ల భయపడింది. ఆమెది దుమ్ముగూడెం వైపు పల్లె. వాళ్ల ఊరి అబ్బాయి ఒకడు మా క్లాసులోనే ఉండేవాడు. అన్నా అని పిలిచేది. సాయంత్రం క్లాసులు అవగానే అతనికి తన ఫోన్ ఇచ్చేది. అతను దాన్ని జేబులో వేసుకుని కరకట్ట మీద నడిచి, మర్నాడు తెచ్చిచ్చేవాడు. ఆమె పేరు పచ్చబడింది. ఎవరో వెళ్లి వార్డెన్ మేడానికి చెప్పారు. మేడం ఆమె తండ్రికి ఫోన్ చేసి, మీ అమ్మాయి ఫోను రాత్రిళ్లు ఒక అబ్బాయి దగ్గర ఉంటోంది అని మాత్రం చెప్పారు. ఎందుకు ఉంటోందో చెప్పలేదు.

తండ్రి మర్నాడు మొదటి బస్సుకే వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలోకి ఆమెకు తోడుగా నేనూ వెళ్లాను. ఆమె చెప్పబోయిందేదీ తండ్రి వినలేదు. ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"చదువుకోమని పంపితే గిట్లనా బిడ్డా," అన్నాడు మెల్లగా.

ఆమె ఏడుస్తోంది. ప్రిన్సిపాల్ సారూ వార్డెన్ మేడమూ కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. ఇక నేను ఆగలేకపోయాను.

"నడవకపోతే మార్కులు తగ్గిస్తమన్నది మీరే గద సార్. గేటుకు తాళం ఏసేది కూడా మీరే. ఇంకేం చెయ్యాలె?"

"మీ మంచికేనమ్మా. బయట ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తరు?" అన్నారు మేడం.

"బయట ఏమన్నా చేసేటోళ్లను ఆపాలె మేడం. మమ్మల్ని లోపలేస్తరేంది?"

ప్రిన్సిపాల్ సారు నన్ను బయటికి పొమ్మన్నారు. మా గొడవ మీడియాదాకా పోతుందనుకున్నారో ఏమో, తర్వాతి వారం నుంచి కాలేజీ గ్రౌండులో అరగంట నడవనిచ్చారు. ఇద్దరిద్దరం వరుసగా తిరుగుతుంటే మేడం కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవారు. గోడ మీద అబ్బాయిలు ఈలలు వేసేవాళ్లు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లలో ఒకడు మా ఫొటో తీసి గ్రూపులో పెట్టాక ఆ అరగంటా ఆపేశారు.

సెలవుల్లో మా గదిలో పిల్లతోపాటు వాళ్ల ఊరు వెళ్లాను. జరిగిందంతా వాళ్ల నాన్నకు మొదటి నుంచి చెప్పాను.

"నాకు ఫోన్ల చెప్పిన మాట వేరే ఉండెనమ్మా," అని లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

ఆ తండ్రికి నిజం చెప్పాల్సింది నేను కాదు, వార్డెన్ మేడం. మా చదువు అయిపోయేదాకా మేడం చెప్పలేదు.